ఫిట్టింగే కదా

మా హైదరాబాదులో ఫిట్టింగ్ అన్న మాటకి రెండర్థాలున్నాయి. ఒకటి, బిగించడం. ఫ్యాను ఫిట్టింగ్, ట్యూబ్‌లైట్ ఫిట్టింగ్, కుళాయి ఫిట్టింగ్. రెండోది, నవ్వుతూ నవ్వుతూనే ఎదుటివాడికి చిచ్చు పెట్టడం. 'వాడు భలే ఫిట్టింగ్ పెట్టాడ్రా' అంటే అదన్నమాట. నా స్నేహితుడొకడు ఆ రెండర్థాలూ ఒకే మాటలో నాకు తెలిసేలా చేశాడు. అందుకు వాణ్ణి చాలా కాలం తిట్టుకున్నాను. ఈ మధ్య తిట్టడం తగ్గించాను. వాడి మీద దయ పుట్టి కాదు. వాడికంటే ముందు తిట్టాల్సినవాడు ఇంకొకడు దొరికాడు.

అల్వాల్‌లో రెండు గదుల ఫ్లాటులో నేనూ మా అక్కా ఉంటాం. మాది శ్రీకాకుళం వైపు. నాన్న ఉద్యోగం కోసం సికింద్రాబాదు వచ్చి, నేను పదో తరగతిలో ఉండగా పోయారు. అమ్మ అంతకు ముందే పోయింది. అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. అప్పటికే టీవీలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. ఆ జీతంతోనే నన్ను చదివించింది. పెళ్ళి గురించి ఎవరైనా అడిగితే 'వీడి చదువు అవ్వనీండి' అనేది. నా చదువు అయ్యేసరికి అడిగేవాళ్ళు అడగడం మానేశారు. నాకు పెళ్ళయింది, నిలవలేదు. ఆ గొడవ ఇక్కడ అనవసరం. ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తాగా చేరాను, ఆ కుర్చీలోనే జుట్టు నెరిసింది.

స్నేహితుడని చెప్పానే, వాడూ నేనూ కాలేజీలో ఒకే బ్యాండు. ఆ రోజుల్లో సికింద్రాబాదులో ఏ వీధిలోకి వెళ్ళినా ఏదో ఒక మేడ మీద గిటారు మోగుతుండేది. వాడు ముందు నిలబడి వాయించేవాడు, నేను వెనక నిలబడి వాడికి తాళం కలిపేవాణ్ణి. కాలేజీ అయ్యాక నేను మానేశాను, వాడు మానలేదు. హోటళ్ళలో, పెళ్ళిళ్ళలో, క్లబ్బుల్లో ఇప్పటికీ వాయిస్తున్నాడు. వాడికి ధైర్యముంది, నాకు లేదు అంటారు మా పాతవాళ్ళు. నాకు ఒకటో తారీఖున జీతం రాకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు, వాడికి వాళ్ళ నాన్న బట్టల దుకాణం ఉంది. ఆ ముక్క మాత్రం ఎవరూ అనరు.

అయినా మా మధ్య రాకపోకలు ఆగలేదు. వాడి గిటార్లకి చిన్నా పెద్దా మరమ్మతులు నేనే చేసేవాణ్ణి. తీగలు మార్చడం, మెడ వంగితే సరిచేయడం, తుప్పు దులపడం. వాయించడం వదిలేసినవాడికి అదొక్కటే మిగిలిన దారి. ఒకరోజు సాయంత్రం వాడు మా ఇంటికి వచ్చి ఫోనులో బొమ్మలు చూపించాడు. ఎలక్ట్రిక్ గిటారు ఒళ్ళు ఒకచోట, మెడ ఒకచోట, పికప్‌లు ఇంకోచోట విడివిడిగా అమ్ముతారట. మనకి నచ్చినవి తెప్పించుకుని, మన చేతికి తగినట్టు మనమే చేసుకోవచ్చట.

"బైట కొనే గిటార్లల్ల నాకు ఒక్కటి సుత చేతికి కుదుర్తలేదు భై," అన్నాడు. "పార్ట్స్ అన్నీ నేను తెప్పిస్త. నువ్వు చెయ్యి. నీ అసొంటి చెయ్యి ఈడ ఎవరికి ఉన్నది?"

వాడికి నా సంగతి తెలుసు. నెమ్మదిగా అసలు మాట అన్నాడు.

"స్టేజ్ మీద మైకుల నీ పేరు చెప్త. గీ గిటార్ మా దోస్తు చేసిండు అని. అందరి ముందట."

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను ఒప్పుకున్నది ఆ మాటకే. ముప్పై ఏళ్ళు ఫైళ్ళ మీద సంతకం పెట్టినవాడికి, తన పేరు ఒక్కసారి మైకులో వినాలని ఉండదా? పైగా ఒకప్పుడు ఆ మైకు వెనకే నిలబడినవాడికి. ఆ ఒక్క వాక్యం కోసం ఏడాది పనిచేశాను.

భాగాలు నెలకొకటి చొప్పున వచ్చాయి. ముందు ఒళ్ళు వచ్చింది, రంగు వేయని పచ్చి చెక్క, గీత పడితే దాచుకోలేనంత తెల్లగా. బాల్కనీలో అక్క తులసి కుండీలు పక్కకి జరిపి, పాత రుబ్బురోలు మీద చెక్క పలక వేసి అదే బల్ల అనుకున్నాను. గరుకు కాగితంతో ప్రతి ఆదివారం రుద్దాను. ఒక మోటు కాగితం, తర్వాత కొంచెం సన్నం, తర్వాత ఇంకా సన్నం. ఆ దుమ్మంతా గాలికి వంటింట్లోకి వెళ్ళేది. అక్క ఏమీ అనకుండా బియ్యం డబ్బా మూతలు బిగించుకునేది. పాలిష్ కోసం మోండా మార్కెట్ వెనక వీధిలో ఒక హార్డ్‌వేర్ దుకాణానికి వెళితే, దుకాణదారు అడిగాడు.

"తలుపుకా, మంచానికా?"

"గిటారుకి."

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. "గిటారుకు పాలిష్ ఎందుకు భాయ్, సన్‌మైకా కొట్టు. జిందగీ మొత్తం ఫికర్ ఉండదు."

ఆ రోజు ఇంటికి వచ్చి ఆ మాట చెబితే అక్క కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వింది. ఈ గిటారు పుణ్యమా అని మేమిద్దరం కలిసి నవ్విన రోజుల్లో అదొకటి. ఎక్కువ లేవు కాబట్టి గుర్తుంది.

మెడ వచ్చాక అసలు తంటా మొదలైంది. ఏ మెడైనా ఏ ఒంటికైనా సరిపోతుందని అమ్మేవాళ్ళు రాస్తారు. సంబంధాలు కుదిర్చేవాళ్ళు కూడా అలాగే చెబుతారు. మెడ కూర్చునే గాడి కాస్త లోతుగా ఉండి, తీగలు కట్టి చూస్తే మెడకి మరీ ఎత్తుగా నిలబడి, ఏ స్వరం నొక్కినా వేలు కోసుకుపోతోంది. మెడ కింద పల్చటి అట్టముక్క ఒకటి పెట్టి కొంచెం ఎత్తాలి. తగిన మందం కోసం ఇల్లంతా వెతికాను. చివరికి బీరువా అడుగున నా పెళ్ళి శుభలేఖ దొరికింది, మూలలకి పసుపు ఇంకా వదల్లేదు. ఒక మూల కత్తిరించి గాడిలో పెట్టి నాలుగు స్క్రూలు బిగిస్తే మెడ సరిగ్గా కూర్చుంది. ఆ పెళ్ళి వల్ల నాకు కలిగిన ప్రయోజనం అదొక్కటే.

ఇక మిగిలింది వైరింగ్. అక్కడ నా పనితనం బయటపడింది. తీగల కింద ఉండే అయస్కాంతపు చుట్టలే పికప్‌లు. వాటి నుంచి సన్నటి వైర్లు శబ్దాన్ని పెంచి తగ్గించే బటన్లకి, అక్కణ్ణుంచి కేబుల్ గుచ్చే రంధ్రానికి వెళ్ళాలి. ప్రతి చోటా టంకం పెట్టి అతకాలి. ఫోనులో వీడియో చూస్తే పది నిమిషాల పని. నేను మూడు ఆదివారాలు పెట్టాను. వేలు కాలింది, బల్ల కాలింది, ఒక బటన్ లోపల మాడిపోతే మళ్ళీ తెప్పించాల్సి వచ్చింది. అంతా అయ్యిందనుకుని ఆంప్లిఫయరుకి కలిపితే, బుయ్యిమని ఒకటే రొద.

అక్క వంటింట్లోంచి వచ్చి బాల్కనీ గుమ్మం దగ్గర నిలబడింది.

"ఏటిరా ఆ రొద? పక్కవాళ్ళు నీళ్ళ మోటారు వేసీసేరనుకున్నాను."

"నీకు తెలీదులే అక్కా," అన్నాను.

పద్దెనిమిదేళ్ళు టీవీల లోపల బోర్డులకి టంకం పెట్టిన మనిషితో అన్నానా మాట. ఆ సంగతి నాకు తెలియక కాదు. ఆమె జీతంతో చదివాను, ఆమె చేతి వేళ్ళ మీద టంకం చుక్కలు పడి కాలిన మచ్చలు చూస్తూ పెరిగాను. కానీ అది ఫ్యాక్టరీ పని, ఇది గిటారు. రెండూ ఒకటేనని నాకు ఎప్పుడూ తోచలేదు. ఫ్యాక్టరీలో వాళ్ళ లైను మూసేసి ఆమెను ఇంటికి పంపాక, ఆ పని గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. ఎవరూ అంటే ఇంకెవరున్నారు, నేనే.

అక్క లోపలికి వెళ్ళింది. కళ్ళజోడు తెచ్చుకుని, వంగి గిటారు లోపలికి చూసింది.

"ఇది అతుకు కాదురా, ముద్ద. టంకం కరిగించి దాని మీద కార్చీసేవు. ముందు ముక్క వేడెక్కాలి, ఆ వేడికి టంకం కరగాలి. అన్నీ తీసీ."

అటక మీంచి ఒక బిస్కట్ల డబ్బా దింపమంది. అందులో కరెంటుతో వేడెక్కే, చెక్క పిడి ఉన్న పాత టంకం కర్ర, పళ్ళు అరిగిన కటింగ్ ప్లేయరు, సగం వాడిన టంకం చుట్ట. లైను మూసేసినప్పుడు తెచ్చుకున్నదట. అన్నేళ్ళుగా నా నెత్తి మీద అటకలోనే ఉంది ఆ డబ్బా. దీపావళికి బూజులు దులిపినప్పుడల్లా దాన్ని నేనే జరిపి పెట్టేవాణ్ణి.

అక్క పలక ముందు పీట వేసుకుని కూర్చుంది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టేస్తాయని గుడి మెట్లు ఎక్కడం మానేసిన మనిషి. చెయ్యి మాత్రం వణకలేదు. కర్ర ఆనించేది, లోపల ఏదో లెక్క పెట్టుకునేది, టంకం తాకించేది, తీసేసేది. నేను ఉత్సాహం కొద్దీ ఒక అతుకు మీద ఊదితే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఊదకు. దానంతట అదే ఆరాలి. ఊదితే పైకి బాగుంటాది, లోపల పగులుతాది."

గంటలో అంతా అయిపోయింది. ప్రతి అతుకూ మెరుస్తోంది. కేబుల్ గుచ్చి ఆంప్లిఫయరు వేశాను. ఏ చప్పుడూ లేదు. పనిచేయడం లేదేమోనని తీగ మీటాను. ఖంగుమని మోగింది. తీగ ఆపితే మళ్ళీ నిశ్శబ్దం. ఆనందంతో అక్కని భుజాలు పట్టుకుని ఊపేశాను. "వదులురా, కూర మాడిపోతాది," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు సామాను డబ్బాలో సర్దుతూ, నా మార్కర్ పెన్ను ఏదో తీసి మళ్ళీ పెట్టడం చూశాను. పట్టించుకోలేదు.

మర్నాడు వెనక ప్లేటు బిగించబోతే రొద రాకుండా లోపల అంటించిన రాగి రేకు మీద, పెద్ద అతుకు పక్కన, చిన్న నల్ల చుక్క కనిపించింది. నాకు ఒళ్ళు మండింది. మా అక్కకి దిష్టి పట్టింపు ఎక్కువ. నేను స్కూటరు కొన్నప్పుడు హెడ్‌లైటు కింద కాటుక చుక్క పెట్టింది. ఫ్రిజ్‌కి పెట్టింది. ఇప్పుడు దీనికి కూడా దిష్టి చుక్కా? రేపు వాడు ప్లేటు విప్పి చూస్తే, ఎవరైనా పెద్ద వాయిద్యగాళ్ళు చూస్తే, ఏమనుకుంటారు? దూదికి థిన్నర్ అద్ది శుభ్రంగా తుడిచేశాను. రేకు తళతళలాడింది. ప్లేటు బిగించాను. అక్కకి చెప్పలేదు, చెబితే నొచ్చుకుంటుందని. చూశారా, ఎంత మంచివాణ్ణో.

ఆ వారమే వాడు వచ్చాడు. గిటారు ఒళ్ళో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. పాలిష్ మీద చెయ్యి రాశాడు. కేబుల్ గుచ్చి, వాల్యూము పూర్తిగా పెంచి, చెవి దగ్గర పెట్టి విన్నాడు.

"అరె! సప్పుడే లేదు కదా భై. నా దగ్గర ఇంత పెద్ద కంపెనీ గిటార్లున్నయ్, అన్నీ బుర్రుమంటనే ఉంటయ్. గీ వైరింగ్ ఎవరు చేసిండ్రు?"

అక్క అప్పుడే రెండు గ్లాసుల టీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆమె నాకు కనిపిస్తూనే ఉంది. ఆమె కాళ్ళు అక్కడ ఆగాయని కూడా గమనించాను.

"నేనే," అన్నాను.

ఒక్క మాట. ఆలోచించుకుని అన్నది కాదు, దానంతట అదే వచ్చింది. దానంతట అదే వచ్చినవే మనిషి లోపల ఉన్నవని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అక్క టీలు పలక మీద పెట్టింది.

"పంచదార సరిపోయిందా బాబూ?" అని వాణ్ణి అడిగింది.

"సరిపోయింది అక్కా."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. వాడు టీ తాగుతూ ఇంకాసేపు వాయించాడు. వాయిస్తే ఒప్పుకోవాలి, వాడి చేతిలో ఆ గిటారు మాట్లాడింది. నేను పొంగిపోతున్నాను. అప్పుడు వాడు గిటారు సంచిలో పెట్టుకుంటూ, ఎంతో మామూలుగా అన్నాడు.

"మస్తు చేసినవ్ భై. అయినా జెర సోచాయిస్తే, గిది ఫిట్టింగే కదా. పార్ట్స్ అన్నీ రెడీగ వస్తయ్, బిగించుడే. ఓపిక ఉండాలె, గంతే."

వాడు వెళ్ళాక అరికాలి మంట నెత్తికెక్కింది. ఇల్లంతా తిరుగుతూ అరిచాను. ఏడాది పని ఫిట్టింగా? చెక్క రుద్ది రుద్ది వేలిముద్రలు అరిగిపోయాయి, అది బిగించుడా? అక్క వంటింట్లో చిక్కుళ్ళు ఒలుస్తోంది.

"ఫిట్టింగంటే తక్కువేటిరా?" అంది తల ఎత్తకుండా. "నేను పద్దెనిమిదేళ్ళు చేసింది అదే కదా."

అది వేరు అక్కా అన్నాను. ఏ రకంగా వేరో చెప్పలేదు. ఆమె అడగలేదు. సాయంత్రం చూస్తే బిస్కట్ల డబ్బా బాల్కనీలో లేదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి స్టూలెక్కి అటక మీద ఎలా పెట్టిందో నాకు తెలియదు.

మూడు నెలల తర్వాత బోయిన్‌పల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో మా కాలేజీ పాత విద్యార్థులంతా కలిశారు. ఆదివారం మధ్యాహ్నం, భోజనాలతో. వాడు వాయిస్తాడని, ఆ గిటారుతోనే వాయిస్తాడని తెలిసి నేను కొత్త చొక్కా కుట్టించుకున్నాను. అక్కని కూడా రమ్మన్నాను. "నాకెందుకురా అక్కడ?" అంటూనే జరీ అంచు చీర తీసింది. నా పేరు మైకులో వస్తుందని ఆమెకి చెప్పాను కదా, వినాలని ఉండదా?

ముందు వరసలో కూర్చున్నాం. వాడు మూడు పాటలు వాయించాడు. చప్పట్లు ఆగలేదు. యాభై దాటిన వాళ్ళంతా కుర్చీల మీంచి లేచి ఈలలు వేశారు. వాడు చెమట తుడుచుకుని, గిటారు మెడ పట్టుకుని పైకెత్తి చూపించాడు. మైకు దగ్గరికి జరిగాడు.

"గీ గిటార్ ఏ దుకాణంల దొరకదు. పార్ట్స్ దునియా మొత్తం కెల్లి తెప్పించి, నా చేతికి తగ్గట్టు నేనే తయారుచేస్కున్న!"

మళ్ళీ చప్పట్లు. వాడి చూపు ఒక్క క్షణం నా మీద పడింది. కన్ను గీటి, బొటనవేలు ఎత్తాడు. అంటే నాకూ అందులో వాటా ఉందని కాబోలు. నా చేతులు వాటంతటవే చప్పట్లు కొట్టాయి. ఆ చేతుల్ని ఇప్పటికీ నేను క్షమించలేదు.

భోజనం చేయకుండానే అక్కని లాక్కొచ్చి ఆటో ఎక్కాను. అల్వాల్ దాకా వాణ్ణి తిడుతూనే ఉన్నాను. సొమ్మొకడిది సోకొకడిది అన్నాను. పుట్టుకతోనే వాడిది దొంగబుద్ధి అన్నాను. ఆటో డ్రైవరు అద్దంలోంచి చూస్తున్నా ఆగలేదు.

"ఒక్క మాట అక్కా! నా స్నేహితుడు చేశాడు అని ఒక్క మాట అంటే వాడి సొమ్మేం పోయింది?"

అక్క రోడ్డు వైపే చూస్తోంది. ఒళ్ళో చీర కొంగు సర్దుకుంది.

"ఏటీ పోదురా. ఒక్క మాటకి ఎవరి సొమ్మూ పోదు."

నాకు అప్పటికీ తగల్లేదు. నా వైపు మాట్లాడుతోందనే అనుకున్నాను. గురివింద గింజ సామెత నాకు రాదని కాదు. సామెతలన్నీ మనం ఎదుటివాడి కోసమే నేర్చుకుంటాం.

ఆ తర్వాత వాడి ఫోన్లు ఎత్తడం తగ్గించాను. ఏడాది గడిచింది. ఈ వేసవిలో ఒక పొద్దున వాడే తలుపు కొట్టాడు, భుజాన గిటారు సంచితో.

"భై, పరేషాన్ అయితున్న. గరగరమంటది, ఒక్కోసారి మొత్తమే బంద్ అయితది. రేపు ప్రోగ్రాం ఉన్నది. వైరింగ్ నువ్వే చేసినవ్ కదా, నువ్వే జెర చూడు."

మైకులో తనే తయారుచేసుకున్నానన్నవాడు, గరగరమనగానే నా గుమ్మం వెతుక్కుంటూ వచ్చాడు. తలుపు మొహం మీద వేద్దామనుకున్నాను. వేయలేదు. వైరింగ్ నువ్వే చేశావు కదా అన్నాక ఏ మొహంతో వేస్తాను?

వాడు వెళ్ళాక ప్లేటు విప్పాను. నాకు ఏమీ అర్థం కాలేదు. ఆ రోజు అక్క చేస్తుంటే పక్కన నిలబడి చూశానే గానీ నేర్చుకోలేదు. పావుగంట దాన్ని చూస్తూ కూర్చుని, చివరికి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, ఒకసారి చూస్తావా?"

చేతులు తుడుచుకుని వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుంది. కేబుల్ గుచ్చే చోటు మర వదులై, వాడు గుచ్చి తీసినప్పుడల్లా అది గిర్రున తిరిగి, వైరు మెలిపడి తెగిందని చూపించింది. "అతుకు ఊడలేదు, చూడు," అంది. "వైరే తెగింది, అతుకు పక్కన." అది చెప్పేటప్పుడు ఆమె గొంతులో వినిపించింది గర్వమే. తర్వాత ఏదో వెతుకుతున్నట్టు గిటారుని వెలుతురు వైపు తిప్పింది.

"చుక్క ఏదిరా?"

"ఏ చుక్క?"

"ఇక్కడ, రేకు మీద. నల్ల చుక్క పెట్టేను కదా."

"ఓ, దిష్టి చుక్కా? దాన్ని అప్పుడే తుడిచేశాను అక్కా."

అక్క కళ్ళజోడు తీసింది.

"దిష్టి చుక్కేటిరా? అది నా చుక్క."

నాకు అర్థం కాలేదు. అక్కే చెప్పింది, ఎప్పుడూ చెప్పనిది, నేనెప్పుడూ అడగనిది. వాళ్ళ లైన్లో పదకొండు మంది ఆడవాళ్ళట. ఒక్కొక్కరికీ ఒక్కో రంగు ఉండేదట. బోర్డు తన చేతిలోంచి పక్క బల్లకి వెళ్ళేముందు, తన అతుకు పక్కన తన రంగు చుక్క పెట్టాలి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అన్నీ తలా ఒకటీ తీసుకున్నారు. నలుపు మంచిది కాదని ఎవరూ ముట్టుకోలేదు. అక్క తీసుకుంది.

"ఎప్పుడైనా ఒక బోర్డు వెనక్కి వచ్చేదనుకో, ఇంజనీరు గారు కేకేసేవారు, 'నలుపెవరమ్మా' అని. లేచి వెళ్ళేదాన్ని. బాగుంటే ఎవరూ అడగరనుకో. కానీ లోపల ఉండేది కదా, నాదని."

ఆ మాట చెప్పి మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుంది. డబ్బా దింపమంది. దింపాను. పది నిమిషాల్లో కొత్త వైరు వేసి అతికింది. నేను ఊదలేదు. కేబుల్ గుచ్చితే పాత నిశ్శబ్దమే మళ్ళీ వచ్చింది.

పెన్నుల డబ్బాలోంచి నల్ల మార్కర్ వెతికి, మూత తీసి ఆమె చేతికిచ్చాను.

"పెట్టు అక్కా. నీ చుక్క."

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మూత అడిగి తీసుకుని, పెట్టేసి, పలక మీద ఉంచింది.

"ఎందుకురా? పాడైతే ఎవర్ని పిలవాలో తెలీడానికి పెడతారు చుక్క. మీవాడు నిన్ను కదా పిలిచేడు."

పీట మీంచి మోకాలు పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళింది. నేను ఆ మార్కర్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నేను పెట్టొచ్చు, అదే చోట, అంతే చుక్క. కానీ నేను పెడితే అది వట్టి దిష్టి చుక్కే అవుతుంది. ప్లేటు మూసి నాలుగు స్క్రూలు బిగించాను.

మర్నాడు పొద్దున వాడు వచ్చి గిటారు మోగించి చూసి, కుర్చీలోంచి లేచి నన్ను కావిలించుకున్నాడు.

"జాన్ బచాయించినవ్ భై! ఏం చేసినవ్?"

అక్క టీ తెస్తున్న చప్పుడు వినిపించింది. రాత్రంతా సిద్ధం చేసుకున్న మాట అది. గట్టిగా, వంటింటి దాకా వినపడేలా అన్నాను.

"నేను కాదురా. అక్క చేసింది. అప్పుడు కూడా వైరింగ్ మొత్తం అక్కే చేసింది."

వాడు నా మొహంలోకి చూసి పకపకా నవ్వాడు. "ఏంది భై, పొద్దుగాల పొద్దుగాల మజాక్? అక్క చేసిందా?" అని, గుమ్మంలోకి వచ్చిన ఆమె వైపు తిరిగాడు. "అక్కా, నిజమేనా? గీ కరెంటు పనులు నీకు సుత వస్తయా?"

అక్క నా వైపు చూడలేదు. గ్లాసులు పలక మీద పెట్టింది, ఒకటి వాడి వైపు, ఒకటి నా వైపు.

"నాకేటి తెలుసు బాబూ," అంది. "వాడే చేసేడు. ఆ రోజు నీకు చెప్పేడు కదా."

వాడు ఇంకా నవ్వుతూనే టీ తాగి, గిటారు భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వంటింట్లో కుక్కరు కూత వేసింది. నా టీ చల్లారిపోయింది. అలాగే తాగేశాను.